కట్ చెప్పేదాకా

అమ్మ పోయాక వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయి, ఇల్లు మళ్ళీ ఇల్లులా అయిన రోజది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నేను గిన్నెలు తోమి బోర్లిస్తున్నాను. తమ్ముడు ముందుగదిలో అద్దె కుర్చీలు తుడిచి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. కింద వీధిలో ఎవరో స్టార్ట్ కాని స్కూటర్‌తో తంటాలు పడుతున్నారు.

మా తమ్ముణ్ణి ఇప్పటికీ అందరూ బుడ్డోడనే అంటారు. యాభై దాటాయి, పొట్ట వచ్చింది, ముందుతల ఖాళీ అయింది. అయినా బుడ్డోడే. చిన్నప్పుడు సినిమాల్లో ఏడ్చేవాడు. వాడి పనే అది. తల్లి పోయిన పిల్లాడు, తప్పిపోయిన పిల్లాడు, రైలు వెంట పరిగెత్తే పిల్లాడు. వాడు ఏడిస్తే హాల్లో తడవని చేతిరుమాలు ఉండేది కాదట.

గ్లిజరిన్ చుక్క లేకుండా ఏడుస్తాడని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అదెలాగో అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నవ్వుతూ చెప్పేది. షాట్‌కి ముందు ఆవిడ సెట్లో ఉన్న తెర వెనక్కి వెళ్ళి నిలబడేదట. డైరెక్టర్ వాడి చెవిలో, "మీ అమ్మ చచ్చిపోయిందిరా" అనేవాడట. వాడు చుట్టూ చూసేవాడు. అమ్మ కనిపించదు. ఇక చూసుకోండి. షాట్ బాగా వస్తే, "కట్" అనగానే అమ్మ తెర తొలగించుకుని వచ్చేది, చేతిలో పిప్పరమెంటు పట్టుకుని. బాగా రాకపోతే వచ్చేది కాదు. "బాగా రాలేదు, ఇంకోసారి" అని తెర వెనక నుంచి తనే అనేది, డైరెక్టర్ కంటే ముందు.

"రెండోసారికి నమ్మడేమో అనుకున్నాం. ప్రతిసారీ నమ్మేవాడు, పిచ్చి వెధవ" అని ముద్దుగా ముగించేది.

మీసం మొలిస్తే అమ్మే కూర్చోబెట్టి గీసింది. గొంతు మారితే ఏం గీస్తుంది. సినిమా పిలుపులు ఆగిపోయాయి. వాడిప్పుడు సోఫాలూ మంచాలూ అమ్మే దుకాణంలో పని చేస్తున్నాడు. ఏడుస్తున్న వాడి చిన్ననాటి ఫోటోని యజమాని పెద్దది చేయించి గోడకి తగిలించాడు. కొనడానికి వచ్చినవాళ్ళు, "ఏదీ సార్, ఓసారి ఏడ్చి చూపించండి" అంటారు. వాడు నవ్వి పరుపు నొక్కి చూపిస్తాడు. పెళ్ళి పెటాకులైనప్పుడు కూడా వాడి కంట నీరు నేను చూడలేదు.

అమ్మ పోయినప్పుడూ ఏడవలేదు. మా పిన్ని వాడికి వినబడేలాగే, "అడ్వాన్స్ ఇస్తే గానీ ఏడవడేమో" అంది. వాడు విన్నాడు. కాఫీ కప్పులు అందిస్తూనే ఉన్నాడు.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. కన్నబిడ్డల్లో ఒక్కరు ఏడవకపోయినా పోయిన ప్రాణం గడప దగ్గరే నిలబడిపోతుందని మా అమ్మమ్మ చెప్పేది. నేను నమ్ముతాను. అమ్మ వెళ్ళాలి, హాయిగా వెళ్ళాలి, నేను కోరుకున్నది అంతే. దేవుడి ముందు దీపం పెట్టి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఒక్కసారి ఏడవరా నాన్నా. అమ్మ వెళ్ళిపోతుంది."

"వెళ్ళదక్కా. నేనేడిస్తే వస్తుంది."

"ఏం మాటలురా అవి?"

"ఎప్పుడు రాలేదు చెప్పు?" కుర్చీలు తుడిచిన గుడ్డ మడతపెడుతూ అన్నాడు. "అందుకే మానేశాను."

"అమ్మ రావడం నీకిష్టం లేదా?"

వాడు ఆ గుడ్డ విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "లేదు" అన్నాడు.

అమ్మ గదికి తలుపు లేదు. ఆకుపచ్చటి మందపాటి తెర ఉంది. వాడి ఆఖరి సినిమా అయ్యాక, తను వెనక నిలబడే ఆ తెరనే స్టూడియోవాళ్ళని అడిగి తెచ్చుకుంది. ఎన్నడూ ఉతకనివ్వలేదు. వాడు దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

నేను వాడి తల నిమిరాను. "నిజంగానే పోయిందిరా. ఈసారి తెర వెనక ఎవరూ లేరు."

ఆ మాటకి కదిలాడు. ముందు దగ్గులా వచ్చింది. తర్వాత భుజాలు ఎగిరిపడ్డాయి. నాకు గుండె బరువు దిగినట్టయింది. కాసేపటికి గానీ తెలియలేదు... ఆ గొంతు వాడిది కాదు. పాలపళ్ళు ఊడుతున్న పిల్లాడి గొంతు.

వీధిలో స్కూటర్ చప్పుడు ఆగిపోయింది. ఎక్కణ్ణుంచో మేకప్ పౌడర్ వాసన. పిప్పరమెంటు వాసన. తెర అంచు కింద రెండు పాదాలు... కుడి బొటనవేలి గోరు నల్లగా ఉంది. ఎప్పుడో తలుపు కింద నలిగిన గోరు. అమ్మది.

"బాగా రాలేదు..." తెర వెనక నుంచి. "ఇంకోసారి."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తలుచుకుంటున్న దేవుడి పేరు నా నాలుక మీదకి రాలేదు.

అప్పుడు వాడి చెవి దగ్గర గుసగుస. అక్కడ ఎవరూ లేరు.

"మీ అక్క చచ్చిపోయిందిరా."

వాడు తలెత్తి చుట్టూ చూశాడు.

"అక్కా?"

"ఇక్కడే ఉన్నాన్రా."

నా వైపే చూశాడు. నన్ను దాటి, నా వెనక గోడని చూశాడు. వాడి పెదవి వణికింది. ఇక అప్పుడు ఏడ్చాడు... అలాంటి ఏడుపు నేను ఏ సినిమాలోనూ వినలేదు.

వాడి భుజం పట్టుకోబోయాను. చేతికి తెర గుడ్డ తగిలింది. మందంగా, దుమ్ముగా. ముఖానికీ తగిలింది. చీకటి. ఒక చల్లటి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

"ఉష్... కదలకు. బాగా వస్తోంది."

ఎంతసేపో తెలియదు.

"కట్."

నేను దీపం పక్కనే ఉన్నాను. తమ్ముడు నా చేతులు పట్టుకుని, ముఖమంతా తడితో, నవ్వుతున్నాడు. "వచ్చావా అక్కా... వచ్చేశావు." బుగ్గలో ఏదో చప్పరిస్తున్నాడు. ఏమిటని నేను అడగలేదు. నా మణికట్టు మీద తెల్లగా పౌడర్, వేళ్ళు పడ్డ చోట.

మర్నాడే తెర పీకి చెత్తబండిలో వేశాను. ఒరిగిందేమీ లేదు. వాడికి ఏడుపు తిరిగొచ్చింది. దుకాణంలో అడిగినవాళ్ళకల్లా ఏడ్చి చూపిస్తున్నాడు. జనం వీడియోలు తీసుకుంటున్నారు, యజమాని భుజం తడుతున్నాడు. బుడ్డోడికి మళ్ళీ మంచి రోజులొచ్చాయని పిన్ని ఫోన్ చేసి మరీ చెప్పింది.

వాడు ఏడ్చినప్పుడల్లా, నేను ఎక్కడున్నా, ముఖానికి ఆ తెర గుడ్డ తగులుతుంది. కూరగాయల దుకాణంలో తగిలింది. పూజలో తగిలింది. మొదట్లో కట్ వెంటనే వినిపించేది. ఈ మధ్య ఆలస్యమవుతోంది.

నిన్న తమ్ముడు ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, నేను పిలుస్తున్నా వినబడనట్టు నా పక్కనుంచే వంటగదిలోకి వెళ్ళాడు. ఒక్క కంచమే పెట్టుకున్నాడు. నిన్న కట్ వినిపించిందో లేదో... నాకు గుర్తు రావడం లేదు.