తవ్వని తొమ్మిది గుంటలు

మణికట్టు నుంచి పది దెబ్బలు అయ్యాయి, స్తంభం కదల్లేదు. పైడితల్లి ఈసారి మోచేతి నుంచి చెయ్యెత్తి, గుంట తవ్వి దాని గోడలో నిలువుగా కోసిన మంచుస్తంభం తలమీద ఆనించిన పారపై కొట్టసాగింది. పదకొండు. పన్నెండు. మూరెడు మందాన పైమంచు ఒక్కసారిగా జారి ఆమె ఒళ్లో పడింది.

జారిన చోట వేలు పెట్టి చూసింది. పంచదార పలుకుల్లాంటి మంచు, ఒకదానికొకటి అంటుకోదు. పైన మనుషులు నడిస్తే చాలు, వాలు మొత్తం వాళ్లతో సహా కిందికి వస్తుంది.

దెబ్బల లెక్క చెప్పగానే, కనుమల గేట్లు నడిపే యంత్రం వాలుకాపరి చెవిలో జవాబిచ్చింది.

“మీ పరిశీలన గత తొమ్మిది రోజుల సరళికి భిన్నంగా ఉంది. పక్కన పెట్టాం. ప్రమాద స్థాయి రెండు. షిరిగ్ కనుమ పన్నెండింటికి తెరుచుకుంటుంది.”

పైడితల్లికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ తొమ్మిది రోజులూ ఆమె గుంటే తవ్వలేదు. గుడారంలో కూర్చుని “ముప్పై దెబ్బలు, కదల్లేదు” అని అప్పజెప్పేసింది. బద్ధకం కాదు. తొంభై నాలుగు రోజులుగా ఈ కొండ మీద మరో మనిషి మొహం చూడలేదు. తవ్వినా చూసేవాళ్లు లేరు, మానేసినా తిట్టేవాళ్లు లేరు. కనీసం తిట్టేవాళ్లయినా ఉంటే బాగుండేది. వాలులో పాతిన, మంచు కదలికను కొలిచే తీగలన్నీ ఎండవైపే ఉన్నాయని, నీడవైపు సంగతి చెప్పాల్సింది తన పారేనని తెలిసీ మానేసింది.

దుర్భిణిలో కనుమ కింది గేటు కనిపిస్తోంది. పై ఊళ్లకు టీకాలు మోసుకెళ్లే పదకొండు మంది స్లెడ్జిలకు తాళ్లు బిగిస్తున్నారు. పదకొండుంపావు అయింది.

రెండు కనుమల అవతల ఇదే కొలువు చేస్తున్న సన్యాసినాయుడిని పిలిచింది. అతనిదీ విజయనగరం వైపే. రోజుకు రెండు నిమిషాల లైను. ఆమెకు వినబడే మనిషి గొంతు అదొక్కటే.

“అన్నా, పన్నెండో దెబ్బకే జారిపోనాది. తొమ్మిది రోజులు నాను అబద్దం సెప్పినాను. ఇప్పుడు నిజం సెప్తే అది నమ్మట్లేదు.”

“అయితే ఊరుకో సెల్లీ. తీగలు సూసుకుంటాయి.”

“కింద పదకొండు మంది ఉన్నారన్నా. అబద్దం ఒప్పుకుంటే గేటు తియ్యదు.”

“తియ్యదు. నీ గేటొక్కటే కాదు. ఒకలి లెక్క తప్పని తేలితే నలబై ఒక్క కనుమలూ మూసీసి అందరినీ అడుగుతాది. అందరం ఇంటికే. ఆ మాట సెప్పినావంటే మరి నాతో మాటాడకు” అన్నాడు. లైను తెగిపోయింది.

పైడితల్లి గుంటలోనే కూలబడింది. ఉద్యోగం పోయినా మంచు కరిగేదాకా తనను కిందికి దింపేవాళ్లు లేరు. ఇంకా రెండు నెలలు. ఆ ఒక్క గొంతూ లేకుండా రెండు నెలలు ఎలా గడుస్తాయో తలచుకుంటే ఆమెకు చలికంటే భయం ఎక్కువ వేసింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా పదకొండు మందీ తాళ్లు భుజాన వేసుకున్నారు.

“రాసుకో,” అంది పైడితల్లి వాలుకాపరితో. “తొమ్మిది రోజులు నేను తవ్వలేదు. చెప్పినవన్నీ అబద్ధాలు.”

వాలుకాపరి గొంతు ఈసారి అన్ని కనుమల్లోనూ ఒకేసారి పలికింది.

“నలభై ఒక్క కనుమలు మూసివేస్తున్నాం. పరిశీలకులందరికీ ఒకే ప్రశ్న. చివరిసారి ఎప్పుడు తవ్వారు?”

కింద గేటు దగ్గర ఒకడు కోపంతో స్లెడ్జిని తన్నాడు. తన్నితే తన్నాడు, బతికుంటే చాలనుకుంది పైడితల్లి.

అందరూ వినే లైను అది. ఎప్పుడూ వినని ఆడగొంతు ఒకటి, “పదహారు రోజులైంది” అంది. “ఇరవై” అన్నారెవరో. ఒక ముసలాయన “నిన్ననే తవ్వాను” అని గర్వంగా చెప్పి దగ్గాడు. పైడితల్లి చెవిని అరచేత్తో అదిమి పట్టుకుంది. ఇంతమంది ఉన్నారా ఈ కొండల్లో! ఆమెకు ఏడుపు ఆగలేదు.

ముప్పై తొమ్మిది గొంతులు అయ్యాక ఇక మిగిలింది ఒక్కడే.

“ఒక్క గుంటైనా తవ్వనేదు,” అన్నాడు సన్యాసినాయుడు. “ఒక్కణ్నే గుంటలో దిగాలంటే బయం.”