దూరమేను తిన్న ముద్ద

పొద్దున్న ఆరున్నరకి గవ్వలపేట మేనుశాలలో, మూడో నంబరు కుర్చీలో కూచుని, సూరాడ నూకాలు పదివేల కిలోమీటర్ల అవతల ఒక కంచె బయట నిలబడి ఉంది. అక్కడ మధ్యాహ్నం రెండు. కంచె లోపల సగం కప్పు ఎగిరిపోయిన ఇల్లు, ఇంటి ముందు తలొంచుకుని చాప అల్లుకుంటున్న ముసలావిడ. ఆవిడ పేరు మెలే. మూడు రోజులుగా కంచె తడక తియ్యడం లేదు.

దూరమేనులు వచ్చి పన్నెండేళ్లయింది. ఎక్కడ తుఫాను పడినా, అన్ని దేశాలూ కలిసి పెట్టుకున్న సాగర సహాయ సమితి ఇప్పుడు మనుషులను పంపదు. ఈ మనిషెత్తు యంత్రాలను దింపుతుంది. వాటికి కళ్లూ చెవులూ చేతులూ ఉంటాయి. నోరుండదు, గొంతు దగ్గర మాట వినిపించే జల్లెడ మాత్రం ఉంటుంది. వాటి చేతులు ఆడించేది మరో తీరంలో చేతులకి స్పర్శతొడుగులు వేసుకుని కూచున్న మనుషులు. తుఫాన్ల మధ్యే పుట్టి పెరిగిన సిక్కోలు రేవులవాళ్లకి ఈ పనిలో మంచి గిరాకీ. కప్పుకి మోకు బిగించడంలో నూకాలును మించినవాళ్లు లేరని సమితి వాళ్లే ఒప్పుకున్నారు.

ఈ లోఫాయి దీవిలో మాత్రం ఆమె పనితనం కంచె బయటే ఆగిపోయింది. ఇంటివాళ్లు ఒప్పుకోనిదే మేను వాకిట్లో అడుగుపెట్టకూడదు. అయిదు రోజుల్లో ఇంకో తుఫాను రాబోతోంది, దీవిలో పారిపోవడానికి మెరక లేదు. రేపటికి తడక తియ్యకపోతే మేనును వేరే ఇంటికి పంపేస్తారు. మెలే ఆ సగం కప్పు కింద ఒంటరిగా మిగిలిపోతుంది.

“మొదటి రోజు బాగానే రానిచ్చింది గదా బాబూ. మజ్జిలో ఏటైంది?” అని నూకాలు పర్యవేక్షకుడు అచ్యుతరావుని అడిగింది.

అతను ఆ రోజు దృశ్యం మళ్లీ వేసి చూపించాడు. నూకాలు మోకులు లెక్కపెట్టుకుంటున్న సమయంలో మెలే ఒక గిన్నె తెచ్చి మేను ముందు పెట్టింది. నూకాలు నోరు తెరిచే లోపలే మేనులో ఉండి ఒకరి భాషను ఇంకొకరికి మార్చి వినిపించే మాటమార్పి తనంతట తానే జవాబు చెప్పేసింది: “ధన్యవాదాలు. నాకు ఆహారం అవసరం లేదు.”

“ఇందులో తప్పేముందమ్మా? మర్యాదగానే చెప్పింది” అన్నాడు అచ్యుతరావు.

“ఏటి మర్యాద? మా రేవులో వల లాగడానికి ఎవులు సెయ్యేసినా కూరకి నాలుగు సేపలు ఒళ్లో ఎయ్యకుండా పంపం. వొద్దని ఎల్లిపోయినోడిని మళ్లీ తాడు ముట్టుకోనివ్వం.”

నూకాలుకి ఆరేళ్లప్పుడు గవ్వలపేట మీద తుఫాను పడితే హెలికాప్టరులోంచి పులిహోర పొట్లాలు విసిరారు. వాళ్లమ్మ వాటిని ఏరుకుంటూ, ఇచ్చినవాడికి మంచినీళ్లు ఇద్దామన్నా మొహం కనబడదే అని ఏడ్చింది. ఆకలి ఆ పూటే తీరింది గానీ ఆ సిగ్గు ఆ ఇంట్లో చాలా కాలం ఉండిపోయింది.

నూకాలు మేనును కంచె దగ్గరికి నడిపించింది. “అమ్మా, ఆ రోజు ఎట్టిన గిన్నెలోది నేను తింటాను.”

“నీకు నోరు లేదు.” మెలే మాటలను మాటమార్పి వార్తలు చదివినట్టు తెలుగులో వినిపించింది.

“నోరు నా కాడుంది. నా ఇంట్లో నేను సేసుకుని రేపు నీ ఎదర కూకుని తింటాను. నువ్వూ అదే సెయ్యి. ఏటేటి ఎయ్యాలో సెప్పు.”

మెలే చాప అల్లడం ఆపింది. “పచ్చి చేప ముక్కలు. నిమ్మరసం. కొబ్బరిపాలు. ఉల్లిపాయ” అంది.

నూకాలు బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేపలు కోస్తున్నదే గానీ ఒక్క ముక్క పచ్చిగా నోట పెట్టలేదు. మర్నాడు వేకువనే కోనాం చేప ముక్కలు నిమ్మరసంలో వేస్తుంటే మొగుడు చూసి, “పులుసెట్టకుండా తింటావేటే?” అని దూరంగా జరిగి కూచున్నాడు. ముసలావిడ చెప్పినవి తప్ప ఇంకొకటి వెయ్యకూడదని నూకాలు పట్టుబట్టి అలాగే కలిపింది.

శాలలోకి కేరేజీ రావడం చూసి అచ్యుతరావు పరుగెత్తుకొచ్చాడు. “తొడుగులతో తినకూడదమ్మా.”

“తొడుగుల్తోనే తినాల బాబూ. తీసేత్తే అక్కడ సెయ్యి ఆడదు.”

అతను పక్క కుర్చీ సంగతి చూడ్డానికి వెళ్లిపోయాడు.

అక్కడ తడక బయట, నేలమీద, ఆకు మూసిన గిన్నె ఉంది. మెలే అటు తిరిగి కూచుంది. నూకాలు మేనును గిన్నె ముందు చతికిలబెట్టి, తన గిన్నెను సరిగ్గా అదే చోటికి జరుపుకుంది. చెయ్యి ముంచింది. రెండు చేతులూ ఒకేసారి లేచాయి. ఇక్కడ ముద్ద నోట్లోకి వెళ్లింది. అక్కడ నోరు లేని మొహానికి తగిలి, ఇసకలో పడింది. నూకాలు కళ్లు మూసుకుని నమిలి మింగింది. మళ్లీ చెయ్యి ముంచింది.

మూడో ముద్దకి మెలే ఇటు తిరిగింది. “ఎలా ఉంది?”

‘చాలా రుచిగా ఉంది’ అన్న జవాబును మాటమార్పి సిద్ధం చేసి చూపించింది. నూకాలు దాన్ని కొట్టేసింది.

“సప్పగుంది. నువ్వు ఉప్పు సెప్పలేదు, నేను ఎయ్యలేదు.”

“కావాలనే చెప్పలేదు. నిజంగా చేసుకున్నావో లేదో నాకెలా తెలుస్తుంది?” అంటూ మెలే మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. వచ్చి తడక తీసింది.

మూడు రోజుల్లో కప్పుకి పద్దెనిమిది మోకులు పడ్డాయి. రోజూ ఇక్కడి ఆరున్నరకి, అక్కడి రెండు గంటలకి ఇద్దరూ తిన్నారు. తుఫాను వచ్చి వెళ్లింది. ఇల్లు నిలిచింది. మేనులను పడవెక్కించి ఇంకో తీరానికి పంపేశారు.

నెల తర్వాత, ఇంకా ఏం సహాయం కావాలని సమితి అడిగిన పత్రాలు దీవి నుంచి తిరిగొచ్చాయి. అందరూ రేకులు, నీళ్ల ట్యాంకులు అడిగారు. ఒక పత్రాన్ని ఏ వర్గంలో వెయ్యాలో వాటిని విడదీసే యంత్రానికి తెలియక మేనుశాలకి పంపింది. అచ్యుతరావు చదివాడు:

“కావలసినది: చప్పగా ఉందన్న మనిషి. పని ఏమీ లేదు. భోజనానికి.”

“మేనులు వెళ్లిపోయాయి కదమ్మా, ఏం రాయమంటావు?” అన్నాడు. నూకాలు ఆ పత్రాన్ని ఇంకోసారి చదివించుకుంది.

మర్నాడు సెలవు. ఆరున్నరకి ఆమె ఇంటి అరుగు మీద కూచుని పచ్చి కోనాం ముక్కలు కలుపుకుంది. ఈసారి ఉప్పు వేసింది. సరిగ్గా సరిపోయింది. ఆ మాట చెబుదామంటే ఎదర ఎవరూ లేరు.