బొగ్గుకి బొగ్గు

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి జీడి ఫ్యాక్టరీలో గౌరి కుప్పకూలింది. నరసన్నపేట ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. జీడిపిక్కలు వేయించే పొగ ఊపిరితిత్తుల్ని పట్టేసిందన్నాడు డాక్టరు.

గురువారానికి కూడా ఎస్సై ఈశ్వరికి కేసు అంగుళం కదల్లేదు.

"పొగ ఫిల్టర్‌లోంచే పోతోందా?"

"అవును మేడమ్," అన్నాడు మేనేజర్ వినోద్. "కొబ్బరిచిప్పలతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్. విషవాయువుల్ని పట్టేస్తుంది. పోయిన నెలే కొత్తది వేశాం."

ఈశ్వరి మళ్ళీ ఫిల్టర్ పెట్టె మూత తీయించింది. పెట్టెనిండా నల్లగా ఉంది. ఎన్నిసార్లు చూసినా అంతే.

"రాత్రి కాపలా?"

"కూర్మయ్య. గౌరి మొగుడే."

కూర్మయ్య కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"లోపలికి ఎవరైనా వచ్చారా?"

"నేదమ్మా. తాళం నాకాడే ఉంటాది."

ఈశ్వరి టోపీ తీసి జీపులోకి విసిరింది. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి గిరిబాబూ! మరి ఆ మనిషికి ఊపిరెందుకాడదు?"

కానిస్టేబుల్ గిరిబాబు జీపు స్టార్ట్ చేశాడు.

గౌరి తమ్ముడు ధనరాజు ఎండుచేపల వ్యాపారి. అతని అద్దెగదిలో స్టేట్‌మెంట్ రాసుకుంటుంటే టీ, పకోడీలు తెప్పించాడు. చుట్టూ బుట్టలనిండా ఎండు నెత్తళ్ళ చేపలు. గిరిబాబు వాటి మధ్యే కూర్చుని పకోడీలు నములుతున్నాడు.

ఈశ్వరి గ్లాసు కింద పెట్టింది.

"గిరిబాబూ, ఏం వాసనొస్తోంది?"

"పకోడీ వాసన మేడమ్."

"ఇన్ని నెత్తళ్ళ మధ్యనా?"

గిరిబాబు నమలడం ఆపేశాడు. ఆమె బుట్టలు జరిపించింది. వెనక పళ్ళాలనిండా నల్లటి పలుకులు.

ధనరాజు గోడకి జారబడ్డాడు. "సేపల కంపని ఇంటోళ్ళు గది కాళీ సెయ్యమన్నారమ్మా. కంపు పోతాదని బావ ఈ పిల్టరు బొగ్గు తెచ్చి ఎట్టినాడు."

కూర్మయ్యని అక్కడికే పిలిపించారు.

"దొంగతనం కాదమ్మా. బదులు పొయ్యి బొగ్గు నింపీసినాను. బొగ్గుకి బొగ్గు! అదీ కొబ్బరిచిప్పలదే గదా?"

"ఒకటే చిప్ప. కానీ ఈ ఫిల్టర్ బొగ్గుని ఆవిరి పట్టి కాలుస్తారయ్యా. కంటికి కనపడని బెజ్జాలు పడతాయి. ఈ కంపు ఆగింది వాటిలోనే. అక్కడ విషం ఆగాల్సిందీ వాటిలోనే. నువ్వు పోసిన బొగ్గుకి అంత శక్తి లేదు. పొగ దాన్ని దాటుకుని..." ఆమె పూర్తి చెయ్యలేకపోయింది.

కూర్మయ్యని జీపెక్కించారు.

జీపు స్టేషన్ వైపు తిరగబోతే ఈశ్వరి ఆపింది. "ముందు ఆసుపత్రికి."

మొగుణ్ణి చూసి గౌరి మాస్కు పక్కకి లాగింది. మాటమాటకీ ఆయాసం.

"ఏటి మావా... అలగున్నావు? నీకూ పొగ పట్టీసినాదేటి? ఆ కాపలా మానీ. నాలాగైపోతావు."

ఈశ్వరి తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడింది.

"చెప్పు కూర్మయ్యా," అంది.