ఆపని ఇంజను

ఇలా రావే అమ్మడూ, ఆ పీట లాక్కుని దగ్గరగా కూర్చో. మా తమ్ముడు సోమసుందరం సంగతి చెబుతాను. నువ్వు వాణ్ణి స్కూటరు మీదే చూశావు. అంతకుముందు వాడికి మోటారుసైకిలుండేది.

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం, తొలకరి రోజులు. వాడు నర్సీపట్నంలో పశువుల ఆస్పత్రి కాంపౌండరు. పొద్దున్నే టీకామందు ఐసు డబ్బాలో పెట్టుకుని గొలుగొండ అవతల కొండకింద ఊళ్లకు పోయేవాడు. అంతకు రెండేళ్ల కిందట బలిఘట్టం రోడ్డు మీద వానలో జారిపడి ఎడమ మోకాలి చిప్ప పగిలింది. కట్టు విప్పాక ఆ కాలు కర్రలా బిగుసుకుపోయింది. ఆ బండికేమో కిక్కూ గేరూ రెండూ ఎడమ పక్కే. గేరు ఎలాగో మడమతో నెట్టుకొచ్చేవాడు గానీ కిక్కు కొట్టలేడు. అందుకని రోజూ పెరట్లో వాడి భార్య లలితాంబ చీర కుచ్చిళ్లు ఎగదోపి తనే కొట్టేది. వీధిలోకి మాత్రం వాడొక్కడూ దర్జాగా వచ్చేవాడు. నేనూ ఆ ఇంట్లోనే ఉండి, చూస్తూ ఊరుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున కిక్కు కొట్టి లలితాంబ ఆయాసపడుతూ అంది.

"లాంబ్రెట్టా ఎవరో అమ్ముతున్నారటండీ. పెద్ద స్కూటరు. గేరు చేతికి, కిక్కు కుడికాలికి. ఎడమకాలికి పనే ఉండదు."

"స్కూటరు మీద గుమాస్తాలు పోతారు. కొండకింద తిరిగేవాడు కాదు. కాలు పోయిందని తెలిస్తే రేపు నన్ను ఆఫీసులో చీటీలు రాసుకోమంటారు. అదేనా నీకు కావలసింది?"

"దారిలో బండి ఆగిపోతే?"

"ఆపితే కదా!"

నిజమే, వాడు ఆపేవాడు కాదు. ఏ ఊరెళ్లినా బండికి స్టాండు వేసి, ఇంజను కొట్టుకుంటూ ఉండగానే పశువులకు సూదులు వేసేవాడు. కాంపౌండరుగారింట్లో పెట్రోలు బావి ఉంది కాబోలని జనం నవ్వుకునేవారు.

మర్నాడు పొద్దున్నే కొండకింద ఊరి గున్నమ్మ మా గుమ్మంలో నిలబడింది. వెనకాల ఆవిడ భర్త గంగులు. చేతికి కట్టు, మెడకు తువ్వాలు.

"బాబూ, నిన్న మా ఎద్దుకి సూదేసినప్పుడు బండి ఆపమని ఈ మనిషి మూడుమాట్లు సెప్పాడు. ఇన్నారా? అది టప్పుమని పేలింది. ఎద్దు బెదిరి ఈన్ని కంచెలోకి ఇసిరేసింది. సెయ్యిరిగిపోనాది. దుక్కుల రోజుల్లో నాగలెవులు పడతారు? ఎందుకాపలేదో అది సెప్పండి, సాలు."

సోమసుందరం గోడకేసి చూశాడు. "తొందర పనుండి..."

లలితాంబ వంటింట్లోంచి వచ్చింది. "అబద్ధం, గున్నమ్మా. ఆపితే మళ్లీ స్టార్టు చేయలేరు. రోజూ పెరట్లో కిక్కు కొట్టేది నేను."

"నోరు ముయ్!"

"రెండేళ్లు మూసుకున్నానండీ. అందుకే నిన్న గంగులు చెయ్యి విరిగింది."

చీర అంచు కాస్త పైకెత్తింది. కిక్కు ఎగదన్నిన మచ్చలు, పాతవీ కొత్తవీ, పిక్కంతా నల్లగా. వాడు ఆ కాలు చూడడం అదే మొదలు. రోజూ పక్కనే నిలబడి వీధివైపు చూసేవాడు మరి.

గంగులు ఒక అడుగు ముందుకేశాడు.

"ఓలమ్మ, ఇంతేనా బాబూ? ఒక్కమాట సెప్పుంటే ఎవులో ఒకులం తొక్కీవోలం గాదా! మా ఊళ్లో కుంటోల్లు లేరేటి? సూది సక్కగేస్తారని పిలిసాం గానీ, మీ కాలు సూసేటి?"

సోమసుందరం అరుగు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నలభై దాటిన మగవాడు వెక్కివెక్కి ఏడిస్తే ఇంట్లో ఎవరికీ ఎటు చూడాలో తెలియదు. మొహం తుడుచుకుని తలెత్తాడు.

"నీ దుక్కికి నేను మనిషిని పెడతాను గంగులూ." తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఆ స్కూటరు ఎవరిదన్నావు?"

ఆఫీసుకు తనే వెళ్లి కాలి సంగతి చెప్పాడు. వాళ్లు ఊళ్లు మార్చనూ లేదు, చీటీలు రాయమననూ లేదు.

స్కూటరు మీద మొదటిసారి గంగులు ఊరెళ్లి వాడు ఇంజను ఆపేశాడట. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఎద్దు మెడలో గంట తప్ప ఏమీ వినపడలేదట. సూది వేస్తే అది కదలనైనా లేదు.

తిరుగు ప్రయాణానికి గంగులు దగ్గరకొచ్చాడు. "తొక్కమంటారా బాబూ?"

కుడికాలితో తనే తొక్కగలడు. అయినా పక్కకు జరిగి, "తొక్కు గంగులూ," అన్నాడట.

ఇది గుర్తుంచుకో అమ్మడూ. రేపు నీ పిల్లలకి చెప్పేటప్పుడు స్కూటరు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకు. లలితాంబ కాలి మీద మచ్చలు కూడా చెప్పు.