పంపుహౌస్‌లో ఆయాసం

కొండ కింద ఆ పాడుబడ్డ పంపుహౌస్ ఉంది చూశారూ... పొద్దు వాలాక అటు కన్నెత్తి చూడరెవరూ. ఎప్పుడో మోటారు ఆపడానికి లోపలికెళ్లిన ఆపరేటరు మళ్లీ బయటికి రాలేదట. ఇప్పటికీ లోపల్నించి ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు వినిపిస్తుందట. అదీ ఏడాదికి ఒక్కసారే — వేసవిలో, సరిగ్గా పరుగుపందెం జరిగే సాయంత్రం.

మిగతా రోజుల్లో ఆ దెయ్యం ఎక్కడ తిని ఎక్కడ పడుకుంటుందో ఎవరూ అడగలేదు. ఈ సంగతి అందరికీ చెప్పింది డ్రిల్లు మాస్టారు. నాలుగేళ్లుగా ఆ పందెంలో మొదటి స్థానం ఆయనదే. అలాంటి మనిషి మాట కాదనేదెవరు?

పందెం అంటే పెద్ద ఆర్భాటమేం కాదు. రిటైరైన పోస్టుమాస్టరుగారు సరదాకి పెట్టింది. ఎండ తగ్గాక గేటు దగ్గర బయల్దేరి, పంపుహౌస్ దాటి, కాలిబాటన కొండెక్కి దిగి, మళ్లీ పంపుహౌస్ మీదుగానే గేటుకి రావాలి. కొండ మీద కాపలా ఎవరూ ఉండరు. పైన ఒక బకెట్‌లో ఎర్ర రబ్బరు బ్యాండ్లు ఉంటాయి. ఒకటి చేతికి తగిలించుకొస్తే కొండెక్కినట్టు లెక్క.

ఈ ఏడు పరుగెత్తింది పన్నెండుమంది. అందులో పన్నెండోవాడు మన స్టేషనరీ షాపాయన. రెండేళ్లుగా ఆఖరు ఆయనే... ఆ స్థానం ఆయన పేర రాసిచ్చేసినట్టే. సరదాకే కదా అని ఊరుకుందామంటే, నాలుగో తరగతి చదివే కూతురు ఊరుకోనిస్తేనా? "మా నాన్న ఈసారి లాస్ట్ రాడు" అని చాటింపేసి, ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని మరీ వచ్చింది. గేటు దగ్గర తండ్రి బూటు లేసులు తనే బిగించి కట్టింది.

"ఒక్కర్ని దాటినా చాలు నాన్నా," అంది మెల్లగా.

ఒక్కర్ని! పంపుహౌస్ చేరేసరికి ముందున్న పదకొండు వీపులూ మాయం. నాలుక పిడచకట్టింది. డొక్కలో పోటు. పైన వెలుతురు తగ్గిపోతోంది.

అప్పుడు పడింది ఆయన చూపు — తన మణికట్టు మీద. కాగితాల కట్టలకి వేసే అలవాటుకొద్దీ ఎప్పుడూ అక్కడుండే రబ్బరు బ్యాండ్లు. నాలుగు. ఎర్రవి. కొండ మీద బకెట్‌లోవి కూడా ఆయన షాపులోవేగా!

కాసేపు లోపల కూర్చుని, వాళ్లు కొండ దిగొచ్చేటప్పుడు మధ్యలో కలిసిపోతే... ఒక్కర్నంటే ఒక్కర్ని దాటితే...

దెయ్యం భయం లేకపోలేదు. కానీ కూతురి మొహం తలుచుకుంటే దెయ్యమే నయమనిపించింది. తలుపు తోశాడు.

చీకటి. గబ్బిలాల కంపు. రెండడుగులు వేసి, ఊపిరి బిగబట్టాడు.

ఆయాసం... ఆగలేదు.

ఎడమ పక్క నుంచి. కుడి పక్క నుంచి. మోటారు వెనకాల నుంచి ఇంకోటి... ఒళ్లు జలదరించింది. చెమటతో తడిసిన చల్లటి చెయ్యి ఒకటి వచ్చి — ఆయన మోకాలు పట్టుకుంది.

"ష్... తలుపు వేసెయ్యండి. ఎవరైనా చూస్తారు!"

డ్రిల్లు మాస్టారి గొంతు.

"బావా, నువ్వా?" మోటారు వెనక నుంచి గుసగుస. సాక్షాత్తూ బావమరిది. "ఇన్నాళ్లకి తెలివొచ్చిందన్నమాట!"

"కాస్త జరగండి, నా కాలు తొక్కుతున్నారు," అని విసుక్కుంది పళ్ల డాక్టరమ్మ.

ఎవరిదో ఫోను ఒక్క క్షణం వెలిగింది. గోడ వారన పదకొండుమందీ... బుద్ధిగా, వరసగా. అందరి చేతులకీ ఎర్ర బ్యాండ్లు. డ్రిల్లు మాస్టారు ప్రతి వేసవిలో ఒక ప్యాకెట్ కొనుక్కెళ్తుంటే, బడి పనికేమో అనుకునేవాడు పాపం షాపాయన.

"మరి... కొండెక్కేదెవరు?" అన్నాడు ఎలాగో.

చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"నువ్వే కదా బావా."

రెండేళ్లుగా తను వెళ్లేసరికి బకెట్ నిండుగా ఎందుకుండేదో ఇప్పుడర్థమైంది. అయినా కూతురు గుర్తొచ్చి, గోడ వారన చోటు కోసం తడుముకున్నాడు.

"ఇరవై నిమిషాలయ్యాక ఒక్కొక్కరే బయల్దేరతాం," అన్నారు మాస్టారు, పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతుతో. "ముందు నేను. కొత్తగా చేరినవాళ్లు చివర."

"చివరా?"

"దేనికైనా ఒక పద్ధతంటూ ఉండాలి కదండీ."

అంటే మోసం చేసినా ఆఖరే! ఆయనకి అక్కడ మనస్సాక్షి మేల్కొందని మీరనుకుంటే అది మీ మంచితనం. ఒళ్లు మండింది, అంతే. ఎలాగూ ఆఖరే అయితే ఈ కంపులో కూర్చోవడం దేనికి? విసురుగా బయటికొచ్చి కొండెక్కాడు. ఒక్కడే.

గేటు చేరేసరికి బాగా చీకటిపడింది. డ్రిల్లు మాస్టారు కప్పు చంకలో పెట్టుకుని క్రమశిక్షణ గురించి ఉపన్యాసం ఇస్తున్నారు. కూతురి స్నేహితులు ముగ్గురూ నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ కిందికి జారనివ్వలేదు. అది చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది.

తండ్రి పరువు నిలబెడదామనుకుందో ఏమో, పిల్ల అందరికీ వినపడేలా అడిగింది.

"నాన్నా, పంపుహౌస్ దగ్గర దెయ్యం పట్టుకుందా? అందుకే లేటయిందా?"

మంచినీళ్ల గ్లాసులు నోటి దగ్గరే ఆగిపోయాయి. ఉపన్యాసమూ ఆగింది. వద్దు బావా, అని బావమరిది కళ్లతోనే బతిమాలాడు.

షాపాయన తీరిగ్గా గ్లాసెడు నీళ్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"పట్టుకుంది తల్లీ. ఒకటి కాదు... పదకొండు."

"పదకొండా! ఏం చేస్తున్నాయి?"

"గోడ వారన కూర్చుని ఆయాసపడుతున్నాయి. అన్నిటి చేతులకీ ఎర్ర రబ్బరు బ్యాండ్లున్నాయి."

పోస్టుమాస్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

పిల్ల ఒకసారి చుట్టూ చూసింది. చూపుడువేలు పైకెత్తి, డ్రిల్లు మాస్టారి దగ్గర మొదలుపెట్టింది.

"ఒకటి... రెండు..."