చెవికెక్కని అలారం

అలారం మోగుతూనే ఉంది. గార్డులు చేతిలో పేకముక్కలు కింద పెట్టలేదు.

"మళ్ళీ ఎలకే," అన్నాడు పెద్ద గార్డు, జోకర్ దాచుకుంటూ.

వారం రోజులుగా ఇదే తంతు. మోగినప్పుడల్లా బూట్లు తొడుక్కోకుండా ఉరికారు. కొరికిన వైరు తప్ప ఏమీ కనిపించలేదు. ఇవాళ ఉరికింది ఒక్కడే, కొత్తగా పెళ్ళైనవాడు.

గచ్చు తుడిచే వేషంలో ఉన్న ఏజెంట్ నత్త చేతిలో కర్ర ఆగిపోయింది. నిన్న డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఈ ల్యాబులో హెడ్‌క్వార్టర్స్ మనిషి ఆవిడే. నవ్విందంటే మగాళ్ళు తమ ఇంటి అడ్రసు మర్చిపోతారు. మందులు వాడుతున్నా తన తమ్ముడు చిన్న దగ్గుకే ఎందుకు కూలిపోతున్నాడని నిన్న ఆవిడనే అడిగాడు నత్త.

"హెచ్ఐవీ అదుపులోనే ఉందయ్యా. కానీ లోపల అలారం నొక్కిపట్టి ఉంచింది. రక్షణ కణాలు ఉరికి ఉరికి డస్సిపోయాయి. ఇప్పుడు పక్క కణం సిగ్నల్ పంపినా చెవికెక్కదు. ఇక ఏ దొంగైనా దర్జాగా దూరిపోవచ్చు!"

ఆ అలుపు తీర్చే మందు ఉన్నది ఈ ల్యాబులో, మనిషిని గడ్డకట్టించే కోల్డ్ రూంలోనే. రేపు పక్క ఆస్పత్రిలో ఉన్న తమ్ముడికి ఎక్కించాలి. విదేశీ ముఠా కన్నూ దానిమీదే.

'ఎలకే. కాకపోతే సెంటు పూసుకున్న ఎలక,' అనుకుంటూ పరుగెత్తాడు నత్త.

అలారం ఆగింది. కోల్డ్ రూం ముందు కొత్త గార్డు వెల్లకిలా పడున్నాడు, కనుబొమల మధ్య చిన్న చిల్లుతో. డాక్టరమ్మ చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఇంకా పొగ కక్కుతోంది.

"ముఠావాళ్ళు కాల్చి పారిపోయారు!" అని రొప్పుతూ మందున్న ఐసుపెట్టె నత్త చేతుల్లో పెట్టింది. "పట్టుకో నత్తా, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మందు తయారీకి మూలమైన సీసా ఇంకా లోపలే ఉంది, తెస్తా."

చీపురు పట్టినవాడి చేతికి బరువందించడం ఆవిడ అలవాటు. వాడు ఏజెంటని తెలిసినా ఆ అలవాటు పోలేదు.

వెనక గేటు దగ్గర వ్యాను హారన్ కొట్టింది. ఆవిడ లోపలికి అడుగేసింది. నత్త తలుపు మూసి, పిడిలో తుడుపుకర్ర దూర్చాడు.

తలుపుకున్న అద్దంలోంచి ముందు నవ్వింది. "వేళాకోళమా? తియ్యి!"

తర్వాత పిడికిళ్ళతో బాదింది. "అందరి పేర్లూ చెప్తాను నత్తా! నీ కాళ్ళు పట్టుకుంటా!"

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "వ్యాను దొరికింది అల్లుడూ. ఆ డాక్టరమ్మని మాత్రం ప్రాణాలతో తీసుకురా. పేర్లు కావాలి."

నత్త కొత్త గార్డు కళ్ళు మూశాడు. వాడి వేలికి ఉంగరం ఇంకా మెరుస్తూనే ఉంది.

"సిగ్నల్ సరిగ్గా లేదు మామా," అని ఇయర్‌ఫోన్ తీసి బకెట్టు నీళ్ళలో వేశాడు.

లోపల ఆవిడ ఎర్ర బటన్ నొక్కింది. అలారం మళ్ళీ అందుకుంది.

పెట్టెమీద తుడుపుగుడ్డ కప్పుకుని తమ్ముడి వార్డు వైపు నడుస్తున్న నత్తను పెద్ద గార్డు కేకేశాడు. "ఒరేయ్, కాస్త వెళ్ళి చూడరాదూ?"

"ఎలకే అన్నా," అన్నాడు నత్త. "కాసేపట్లో దానంతటదే ఆగిపోతుంది."