మూల వరస చెక్కలు

పొద్దున్నే టీ గ్లాసులతో వెళ్లిన ఆవిడకు షెడ్డు గుమ్మంలోనే వడ్రంగి మేస్త్రి అయిన భర్త కేక వినిపించింది. చెక్క ఆరబెట్టే గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బడి మెట్ల కోసం పెట్టిన పలకలన్నీ బీటలు వారాయి. వెనక మూల వరస మాత్రం చెక్కు చెదరలేదు.

కిందటి వారం వేడి, ఫ్యాన్ల వేగం పెంచమన్నది కూతురే. వరసల మధ్య గాలి ఎలా పారుతుందో, చెక్కలో తడి ఎలా బయటికొస్తుందో కంప్యూటర్లో లెక్కకట్టి, రంగుల బొమ్మలుగా చూపించి, తొమ్మిది రోజుల పని ఆరు రోజుల్లో అయిపోతుందంది. మేస్త్రి ముందు ససేమిరా అన్నాడు. తర్వాత పిల్ల ముఖం చూసి మెత్తబడ్డాడు.

“నీ రంగుల బొమ్మలు నమ్మి నిండా మునిగాను. రేపట్నుంచి షెడ్డులో అడుగు పెట్టకు. ఇంకెక్కడైనా పని చూసుకో,” అన్నాడిప్పుడు.

కూతురు కళ్లు తుడుచుకుంటూనే మూల దగ్గర చతికిలబడింది. “వెళ్లిపోతాలే నాన్నా. ఇవెందుకు పగల్లేదో చూసి పోతాను. నా లెక్కలో ముందు పగలాల్సినవి ఇవే.”

ఆవిడ టీ గ్లాసులు కింద పెట్టేసింది. ముసురు పట్టినప్పుడల్లా భర్త కళ్లుగప్పి దుప్పట్లు ఆరేసేది ఆ మూలే. చెబితే ఆయన ఇంతెత్తున లేస్తాడు. చెప్పకపోతే పిల్ల వెళ్లిపోతుంది.

“ఈ ముసురుకి అక్కడ దుప్పట్లు ఆరేశానే,” అంది నేల చూస్తూ.

“నా గదిలో దుప్పట్లా!” మేస్త్రి అరిచాడు.

కూతురు గబుక్కున లేచింది. “ఎన్నమ్మా? నీళ్లు పిండి ఆరేశావా?”

“వెటకారమా?” అంది ఆవిడ.

“కాదు, నిజంగానే అడుగుతున్నా.”

“రోజుకో రెండు. పిండే ఓపికెక్కడిది, నీళ్లు కారుతూనే వేశాను.”

ఆ తడినీ లెక్కలో కలిపేసరికి మధ్యాహ్నమైంది. కంప్యూటర్ తెర మీద మూలలో పగుళ్లు చూపే ఎరుపు తగ్గి నీలం తేలింది.

“చూడు నాన్నా. పైన గబగబా ఆరిపోయి లోపల తడి మిగిలితే చెక్క పగులుతుంది. అమ్మ దుప్పట్లు ఆ మూల గాలికి తేమ ఇచ్చాయి. నేను తొందరే చూసుకున్నాను. తప్పు నాదే.”

ఆయన ఆ నీలం మీద వేలు పెట్టాడు. “అన్ని వరసలకీ తేమ పెడితే?”

“ఆరు కాదు, ఏడు రోజులు పడుతుంది. కానీ పగలకపోవచ్చు.”

“రేపు చిన్న దొంతర పెట్టి చూద్దాం. పొద్దున్నే రా.”

ఆవిడ మెల్లగా జారుకోబోయింది. కూతురు కుర్చీ లాగింది. “ఎక్కడికమ్మా? దుప్పట్లు మందమైనవా, పల్చటివా? నువ్వు చెప్పందే నా లెక్క కదలదు.”

ఇన్నేళ్లలో ఈ షెడ్డు పని గురించి తనను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఆవిడకు ఏడుపు ఆగలేదు. ముక్కు ఎగబీల్చుకుంటూనే కూర్చుంది.

“ఒకటి మందం, ఒకటి పల్చన. రాసుకో.”